నమ్మకం ఎవరి సొత్తు?

మా గంగవరంలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు రెండెకరాలు కౌలుకు తీసుకుని టమోటా వేస్తున్నాడు. పంట పనుల్ని ఫోనులో చిత్రం తీసి పదిమందికీ చూపిస్తుంటాడు. నారు ఎప్పుడు నాటాలి, ఆకుముడత కనిపిస్తే ఏం చేయాలి, మదనపల్లె మార్కెట్టులో ఆ పూట ధర ఎంత పలికింది - ఇవీ అతడు చెప్పే సంగతులు. పలమనేరు, పుంగనూరు వైపు రైతులు కూడ వాటిని చూస్తారు, చూసి నమ్ముతారు. మొన్న ఒక పంట టానిక్కు ఏజెంటు అతని దగ్గరికి వచ్చి, తమ సరుకు గురించి అయిదు నిమిషాలు మంచిగా మాట్లాడితే ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. కుర్రవాడు ఆ టానిక్కును ఎన్నడూ వాడి చూడలేదు.

"ఏం సార్, తీసుకోమంటారా?" అని నన్ను అడిగాడు.

"వొద్దు నాయనా" అన్నాను, ఆలోచించకుండానే.

"మీకు ఒకటో తేదీకి జీతం వస్తుంది గదా సార్" అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నీతి చెప్పడం జీతగాడికి తేలిక. పెట్టుబడిదారీ సమాజంలో తమ శ్రమను అమ్ముకోనివాళ్లు ఎవరు? నేనూ అమ్ముకుంటున్నాను. అతడు తన నోటిని అయిదు నిమిషాలు అమ్ముకుంటే నాకేమిటి అభ్యంతరం? "సిద్ధాంతానికి విరుద్ధం" అనేసి ఊరుకుంటే అది జవాబు కాదు, తప్పించుకోవడం.

ప్రకటన డబ్బు మైల అనే వాదం నాకు రుచించదు. గాంధీ దక్షిణాఫ్రికాలో నడిపిన 'ఇండియన్ ఒపీనియన్' కొంతకాలానికి ప్రకటనలు మానేసిన మాట నిజమే. కాని మన తెలుగుదేశంలోనే మరొక ఉదాహరణ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక', 1924లో 'భారతి' వెలువరించారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగు సాహిత్యానికి అండగా నిలిచింది. ఆయన వర్గ ప్రయోజనాలు పత్రిక రాజకీయాల్లో ప్రతిఫలించలేదా అని అడగవచ్చు, అడగాలి కూడ. అయితే అది వేరే చర్చ. అమృతాంజనం ప్రకటనను చూసిన పాఠకుడికి అది ప్రకటన అని తెలుసు. దాన్ని విమర్శ వ్యాసమని భ్రమపడినవాడు ఎవడూ ఉండడు.

ఆ గీత చెరిగిపోయినపుడు ఏమవుతుందో 2009 ఎన్నికల్లో మన రాష్ట్రం చూసింది. అభ్యర్థి ఇచ్చిన డబ్బుకు తగినట్టు అతని విజయయాత్ర వార్తగా అచ్చయింది. దాని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది - ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాసరెడ్డి. వారు పత్రికల పేర్లతో సహా రాసిన నివేదికను కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టలేదు. కుదించిన పాఠమొకటి ఇచ్చి సరిపెట్టింది. అసలు నివేదిక వెలుగు చూడడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. పేర్లు చెప్పడానికి ఎవరు వెనుకాడారో, ఎందుకు వెనుకాడారో పాఠకులే ఊహించుకోగలరు.

అక్కడ అమ్ముడుపోయిన సరుకు ఏమిటి? కాగితమా, సిరానా? అవి ప్రకటనలోనూ అమ్ముడుపోతాయి. అమ్ముడుపోయింది పాఠకుడి నమ్మకం. నా శ్రమ నాది గనుక నేను అమ్ముకోగలను. నా మీద ఇతరులకు గల నమ్మకం మాత్రం నా ఒక్కడి ఉత్పత్తి కాదు. మా కుర్రవాడు చెప్పిన మాటను పొలంలో పరీక్షించి, నష్టమో లాభమో తామే భరించి, "వీడు చెప్పేది సరిగ్గానే ఉంది" అని ఒకరికొకరు చెప్పుకున్న రైతులు దాన్ని తయారుచేశారు. దాన్ని ఏజెంటుకు అమ్మడమంటే ఇతరుల సొత్తు అమ్మడమే.

"మరి, డబ్బు తీసుకున్నానని చెప్పేస్తే?" అని అడగవచ్చు. చట్టం అడుగుతున్నదీ అదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చంటుంది. సరుకును మెచ్చుకున్నవాడికీ అది వర్తిస్తుంది. ఇది మంచిదే. సబ్బు విషయంలో చాలు కూడ. నచ్చకపోతే మరుసటి నెల ఇంకొక సబ్బు కొంటాం. కాని అప్పు తెచ్చి టానిక్కు కొట్టిన కౌలుదారుకు మరుసటి నెల లేదు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలు 2017 నుంచి నిషిద్ధమే. అయినా వాటి ప్రచారం ఆగలేదు. 2025 మార్చిలో నటులూ, ప్రచారకర్తలూ కలిసి 25 మందిపై మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు. "ఇది ప్రకటన" అని మూలన రాసి ఉంటే మాత్రం ఆ పందెంలో పోయిన కుర్రకారు డబ్బు తిరిగి వచ్చేదా? కనుక ఆ మాట తప్పయితే నష్టం ఎవరిది, వారు దాన్ని తట్టుకోగలరా అని ముందు అడగాలి. తట్టుకోలేనివారిదయితే, ఎంత బాహాటంగా చెప్పి తీసుకున్నా ఆ డబ్బు వద్దు.

ఇంత చెప్పిన నేను ఒకప్పుడేం చేశానో కూడ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు కాలేజీ తన ప్రత్యేక సంచికకు వ్యాసం అడిగింది. గ్రామీణ విద్య మీద రాశాను. అందులో ఆ కాలేజీని రెండు పేరాలు మెచ్చుకున్నాను. అయిదు వేలు తీసుకున్నాను. ఆ ఏడు మా ఊరి రైతు ఒకాయన "అయ్యవారే రాసినారు గదా" అని కూతుర్ని అక్కడ చేర్పించాడు. ఫీజు కట్టలేక రెండో ఏడు మాన్పించాడు. ఆయన నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. డబ్బు తీసుకున్న సంగతి ఆయనకు తెలియదు గనుక అనలేదు.

ఇది మా కుర్రవాడితో చెప్పాను. నన్ను తప్పుపడతాడనుకున్నాను. అతడు కాసేపు ఊరుకుని, "అయితే ఒక పని చేస్తా సార్" అని ఏజెంటుకు ఫోను చేశాడు. ముందు అర ఎకరాకు తానే కొని వేస్తాననీ, పంట చేతికొచ్చాక ఏం జరిగిందో చెప్తాననీ, అప్పుడు డబ్బు ఇస్తే ఇచ్చారని కూడ చెప్తాననీ అన్నాడు. ఏజెంటు నవ్వి, అట్లా అయితే తమకేం లాభమని అడిగాడు. మళ్లీ ఫోను చేయలేదు.

అతని ఫోను మీద ఇంకా నాలుగు వాయిదాలు ఉన్నాయి. ఒకటి నేను కడతానంటే ఒప్పుకోలేదు.