సుత్తిది తప్పా, కుండది తప్పా?

ఒడిశాలోని మా పద్మపూర్‌లో జగమండ కొండ మీద శివాలయాలున్నాయి. ఏడో శతాబ్దపు శాసనాన్ని బట్టి, బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మఠం ఆ కొండ మీదే ఉండేదంటారు. శివరాత్రికి కొండెక్కే జనంలో ఆ పేరు ఎరిగినవాళ్లు తక్కువ. ల్యాబులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు ఆయనతోనే పేచీ.

కుండను కొట్టి నాశనం చేసింది సుత్తేనని న్యాయదర్శనాన్ని నమ్మే నైయాయికులంటారు. ధర్మకీర్తి ఒప్పుకోడు. నశించడం వస్తువు స్వభావమే, దానికి బయటి కారణం అక్కర్లేదు, సుత్తి తోడ్పడింది పెంకులు పుట్టడానికి మాత్రమే అంటాడు. నాశనానికి కారణమే కావాలంటే, ఆ కారణం ఎదురుపడని కుండ ఎప్పటికీ నిలిచిపోవాలిగా!

మా ల్యాబు కొలిమిలోంచి అల్యూమినా పింగాణీ మూసను పటకారుతో తీసి చల్లటి గచ్చు మీద పెడితే 'టిక్'మంటుంది. చూస్తే అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత గీత. సుత్తీ లేదు, దెబ్బా లేదు. ఆ క్షణాన ధర్మకీర్తే గెలిచాడనిపించేది.

కానీ 1921లో గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు గాజు తీగలను తెంపి చూసి, పెళుసు వస్తువు బలాన్ని తేల్చేవి అందులోని కంటికానని బీటలేనన్నాడు. అంటే లోపం లోపలే ఉంది, నిజమే. అయితే అది స్వభావం కాదు. పొడిని అచ్చులో నొక్కేటప్పుడు మిగిలిన బుడగో, పడిన నలకో. ఉక్కులో బీట మొన దగ్గర లోహం సాగి దాన్ని మొద్దుబారుస్తుంది. పింగాణీకి సాగడం చేతకాదు.

ఇక జిర్కోనియా అనే మరో పింగాణీ సంగతి మరీ విచిత్రం. స్వచ్ఛమైనదాన్ని కాల్చి చల్లారిస్తే వెయ్యి డిగ్రీల ప్రాంతంలో స్ఫటికరూపం మార్చుకుని, ఉబ్బి, ముక్కలైపోతుంది. స్వభావనాశనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో ఆ దుర్గుణాన్నే పనికి పెట్టారు. వేరే ఆక్సైడు కొద్దిగా కలిపితే రేణువులు మారకుండా బిగబట్టుకుని ఉంటాయి. బీట మొన దగ్గరికొచ్చాకే మారి, దాదాపు నాలుగు శాతం ఉబ్బి, బీటను నొక్కేస్తాయి. దామంజోడిలో తీసే అల్యూమినాకు, ఛత్రపూర్ సముద్రపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి చేసిన జిర్కోనియాను జోడిస్తే కోతపనిముట్లకూ, కృత్రిమ తుంటికీళ్ల బంతులకూ పనికొచ్చేంత గట్టి పింగాణీ అవుతుంది.

స్వభావమే అనుకుందాం స్వామీ, అది ఎక్కడ, ఎప్పుడు బయటపడాలో కుమ్మరి నిర్ణయిస్తున్నాడుగా? మరి కారణం లేదంటే ఎలా?

ఆయనకూ జవాబుంది. ఒకసారి మారిన రేణువు మళ్లీ కాపలా కాయదు. పైగా యిట్రియా అనే ఆక్సైడు కలిపిన జిర్కోనియా, వెచ్చటి తేమలో ఉంటే, ఏ దెబ్బా తగలకుండానే పైపొర నుంచి నెమ్మదిగా మారిపోతుంది. అల్యూమినా పాలు ఎక్కువ చేస్తే ఆ మార్పు బాగా మందగిస్తుంది. మందగించడం ఆగడం కాదని ఆయన గదమాయిస్తాడు. తుంటికీలు వేయించుకున్నవాడికి మాత్రం నాలుగేళ్లు ఎక్కువ నడవడమే కావాలని నా వాదన.