ఎవరికి చెప్పుకోవాలి?

మాది గుంటూరు. మావారు న్యూజెర్సీలో పుట్టి పెరిగిన యూదులు. తండ్రి ఒక్కడే యూదుడైనా, ఆ సంప్రదాయంలో పెంచితే బిడ్డ యూదుడేనని అమెరికాలోని రిఫార్మ్ శాఖ మతగురువులు 1983లో తీర్మానించారు. ఆ లెక్కన పన్నెండేళ్ల మా అబ్బాయి యూదుడే. ఉగాది పచ్చడి మాత్రం వదలడు.

మా ఇంట్లో ఉగాదికి ముందు పూరీమ్ వస్తుంది. యూదుల్ని చంపించాలని పర్షియా మంత్రి హామాను పన్నిన కుట్రను ఎస్తేరు రాణి వమ్ము చేసినందుకు జరుపుకునే పండగ అది. ఆ కథ చదువుతుంటే, హామాను పేరు వినబడ్డప్పుడల్లా వేషాలు కట్టిన పిల్లలు గిలకలు తిప్పి గోల చేస్తారు. తెలిసినవాళ్లకు తినుబండారాలు పంపాలి. కనీసం ఇద్దరు పేదలకు ఆ రోజే దానమివ్వాలి. విందుకూ పంపకాలకూ పెట్టేదానికన్నా పేదలకిచ్చేదే ఎక్కువగా ఉండాలని 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ రాశాడు. పండగ సారమంతా ఆ మాటలోనే ఉందని నా నమ్మకం.

ఈ ఏడాది డైనింగ్ టేబుల్ మీద సంచులు సర్దుతున్నాం. గసగసాల ముద్ద పెట్టి కాల్చిన మూడు మూలల బిస్కెట్లు, ఒక కమలాపండు, చిన్న ద్రాక్షరసం సీసా. చీటీల మీద పేర్లన్నీ మా అబ్బాయే రాశాడు. పేదల కోసం ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో ఇచ్చే కవరు మీద మాత్రం ఏ పేరూ లేదు. ఉబ్బెత్తుగా ఉంది. చలికాలమంతా ఇరుగుపొరుగు వాకిళ్లలో మంచు ఎత్తిపోసి కూడబెట్టుకున్న డబ్బు.

“అంతా పెట్టేశావా నాన్నా?”

“ఎవరికీ చెప్పకమ్మా,” అన్నాడు టేపు పంటితో తెంపుతూ.

గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే ఫోన్ కోసం చెయ్యి చాచాను. అమ్మకు చెప్పాలి, అక్కకు చెప్పాలి. ఎందుకు? వాడు మంచిపని చేశాడనా, నేను మంచి కొడుకును కన్నాననా? పిల్లల ర్యాంకులు చెప్పుకోవడం కన్నా గుణం చెప్పుకోవడం మేలని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ ర్యాంకు ఎంతమందికి చెప్పినా తరగదు. గుట్టుగా ఇచ్చిన దానాన్ని చాటితే, వాడు దాచుకున్నదాన్ని నేను ఖర్చు పెట్టేసినట్టే. మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడికి, పుచ్చుకునేవాడెవరో ఇచ్చేవాడికి తెలియని దానం పైనుంచి రెండోది. ఆ మెట్టెక్కిన పిల్లాణ్ణి కిందికి లాగడానికి నాకు మనసొప్పలేదు.

అలాగని సంతోషాన్ని అణచుకోవాలా? శుక్రవారం సాయంత్రం మావారు వాడి తలమీద చేతులుంచి, ఎఫ్రాయిములా మనష్షేలా ఉండమని దీవిస్తారు. బైబిల్లో అన్నదమ్ములంటే కయీను హేబెలు, ఏశావు యాకోబు, అంతా కయ్యాలే. తమ్ముడైన ఎఫ్రాయిమును ముందు దీవించినా, అతనూ మనష్షే పోట్లాడుకోలేదని పెద్దలు చెబుతారు. ఆ దీవెనలో చదువూ సంపాదనా ఊసే ఉండదు. ఆ చేతుల కింద వాడు తల వంచి నిలబడితే, చూస్తున్న నాకు కలిగే గర్వానికి మూడో మనిషి అక్కర్లేదు.

వచ్చే ఏడాది వాడికి పదమూడు నిండుతాయి. అప్పుడు బార్ మిట్స్వా, యూదుల్లో పిల్లాడు పెద్దవాడయ్యే వేడుక. ఇక వీడి తప్పుల భారం నామీద లేదంటూ ఆ రోజు తండ్రి దేవుణ్ణి స్తుతించడం ఆనవాయితీ. తప్పులు వాడివైతే మంచి కూడా వాడిదే కదా. ఆ తర్వాత అందరి ముందూ నేనూ రెండు మాటలు మాట్లాడాలి. కవరు సంగతి అందులో ఉండదు. ఇక్కడ రాయనా అని మాత్రం అడిగాను. చాలాసేపు ఆలోచించి, తన పేరూ ఎంత ఇచ్చిందీ వెయ్యకపోతే సరేనన్నాడు.