పూనకం దిగాక

కారంపూడి వీరుల తిరునాళ్ల ముచ్చటతో మొదలైంది వాదన. ఒకరు నరసరావుపేటలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన శిష్యురాలు, మానసిక వైద్యురాలు.

"తిరునాళ్ల చివరి రోజు, కల్లిపాడు నాడు, వీరుల ఆయుధం కొణతం పట్టినాయనకి వీరుడు పూనుతాడు. అదీ, నువ్వు చెప్పే జబ్బూ ఒకటేనా అమ్మా?"

"కాదు మాస్టారూ. ఆ పూనకానికి వేళుంది, చోటుంది, చుట్టూ జనం ఉన్నారు. దిగాక మనిషి ఇంటికెళ్లి అన్నం తింటాడు. ఊరు ఒప్పుకున్న ఆచారాన్ని వైద్యం జబ్బు అనదు. నేను చెప్పేది డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తులు కనిపించే జబ్బు. దానికి వేళాపాళా లేదు. అది ఉన్నామెకి బీరువాలో తాను కొన్న గుర్తులేని చీర కనిపిస్తుంది. నిన్న సాయంత్రం ఏం చేసిందో తెలీదు."

2005లో 'అపరిచితుడు' వచ్చాక ఈ జబ్బంటే మనకి హంతకుడే గుర్తొస్తున్నాడు. నిజానికి ఈ జబ్బున్నవాళ్లు హాని తలపెట్టేది ఎక్కువగా తమకే. ఆత్మహత్యాయత్నాలు వీళ్లలో చాలా ఎక్కువ. అయితే మూలం బాల్యంలో ఉందన్నది మాత్రం ఆ సినిమా సరిగ్గానే పట్టుకుంది.

"ఉన్నది ఒక్క 'నేను'. అది ముక్కలెట్లా అవుతుంది?"

"పుట్టగానే ఆ 'నేను' కుదురుకోదండీ. ఆకలి, భయం, అలక, అన్నీ నావేనని బిడ్డకి మెల్లగా తెలిసిరావాలి. ఈలోపే, పొద్దున జడ వేసే చెయ్యే రాత్రి హింసిస్తే? పారిపోలేదు, ఆ చెయ్యి లేకుండా బతకనూ లేదు. రాత్రి జరిగింది ఇంకెవరికో జరిగినట్టు మనసు పక్కన పెట్టేస్తుంది. ఏళ్ల తరబడి అదే సాగితే ఆ 'ఇంకెవరో' పేరు, వయసు, గొంతు తెచ్చుకుంటారు."

ఫ్రాన్సులో మనస్తత్వవేత్త పియర్ జానే 1889లోనే ఈ విడివడటం గురించి రాశాడు. అమెరికా వైద్యులు 1980లో దీన్ని తమ మానసిక వ్యాధుల జాబితాలో చేర్చి, 1994లో ఇప్పటి పేరు పెట్టారు. వైద్యుడి ప్రశ్నలే కొత్త వ్యక్తుల్ని పుట్టిస్తాయనే అనుమానం, అమెరికాలో పేరుమోసిన 'సిబిల్' అనే రోగి కేసు మీద వచ్చినట్టు, ఇప్పటికీ ఉంది. ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఆ అనుమానాన్ని అడ్డం పెట్టుకుని పిల్లల మీద హింసే లేదనడం అన్యాయం. 2007లో కేంద్రం వెలువరించిన అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లల్లో 53 శాతం ఏదో ఒక లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు.

"ఆ ఇంకొకరు చేసిన పనికి బాధ్యత ఎవరిదమ్మా?"

"చికిత్సంతా దానికోసమే. ఎవర్నీ వెళ్లగొట్టం. 'అవన్నీ నావే' అనగలిగేదాకా మాట్లాడుతూ పోతాం. ఏళ్లు పడుతుంది. దీన్ని నయం చేసే మాత్ర లేదు."

"మరి వేపమండలతో కొడితే?"

"చిన్నప్పటి దెబ్బే మళ్లీ పడుతుంది."

మాచర్లలోనైనా, గురజాలలోనైనా, ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి వేరే మనిషిలా మాట్లాడుతుంటే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం. బిడ్డ మీద ఇప్పుడే హింస జరుగుతోందని అనుమానం వస్తే 1098కి చెప్పండి.