ఆకాశం నుంచి న్యాయం

“మాస్టారూ, సూపర్‌మ్యాన్ సినిమా చూసి ఆనందించడం తప్పా?” అని మా కాలేజీ విద్యార్థి వొకడు అడిగాడు. తప్పని నేననను, చిన్నప్పుడు నేనూ యీలలు వేసినవాణ్నే. అయితే ఆ ఆనందం మనకేమి అలవాటు చేస్తున్నదన్నది ప్రశ్న.

క్లీవ్‌లాండ్ యువకులు జెర్రీ సీగెల్, జో షుస్టర్‌ల సృష్టి 1938లో అచ్చయింది. ఆర్థికమాంద్యపు ఆకలి దాని వెనుక వున్నది. ఆనాటి సూపర్‌మ్యాన్, రక్షణ యేర్పాట్లు లేని గనిలో యజమానినీ, అతని విందుకు వచ్చిన అతిథులనూ చిక్కుకుపోయేటట్లు చేసి, కార్మికుడి బతుకేమిటో రుచి చూపిస్తాడు. 1939లో ప్రభుత్వం కొత్త యిళ్ళు కట్టక తప్పనట్లు మురికివాడను కూలగొడతాడు. ఆ కోపం నాకిష్టం. కాని అక్కడ కూడా కార్మికులు తమంతట తాము సాధించుకొన్నదేమీ లేదు. ఎవరో వస్తారు, రక్షిస్తారు. మనం చూస్తూ కూర్చుంటాం.

పోను పోను ఆ కోపం కూడా చల్లారింది. ఇంతటి బలశాలికి చెడుగంటే సొత్తుపై దాడి మాత్రమే, మంచి అంటే దానధర్మమేనని 1962లో ఇటలీ విమర్శకుడు ఉంబెర్తో ఎకో యెత్తిచూపాడు.

ఇక ఆ వీరుణ్ని కన్నవారి సంగతి. 130 డాలర్లకు సర్వహక్కులూ అమ్ముకున్నారు. ఎన్నో యేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినా హక్కులు తిరిగి రాలేదు. 1975లో సీగెల్ పత్రికలకెక్కాడు. తోటి చిత్రకారులు గొంతు కలిపారు. అప్పుడుగాని కంపెనీ యేడాదికి చెరి 20,000 డాలర్ల భృతికీ, బొమ్మపై వారి పేర్లు వేయడానికీ వొప్పుకోలేదు.

ఇదంతా విని ఆ కుర్రవాడు, “మరి యీ కథ సినిమాలో యెందుకు లేదు మాస్టారూ?” అన్నాడు.