సున్నా కూడా లెక్కే

భిలాయిలో పెరిగిన మాకు లెక్క అంటే టన్నుల లెక్కే. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటినుంచి ఎంత ఇనుము కరిగింది, ఎన్ని రైలు పట్టాలు బయటికి వెళ్ళాయి అని ఈ ఊరు రాసుకుంటూనే ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలకు ఆ అంకెలే అన్నం పెట్టాయి. వాటి విలువ నాకు తెలుసు. అయితే మనం తయారుచేయనిదాన్ని, ఎన్నటికీ మనది కానిదాన్ని కూడా శ్రద్ధగా లెక్కపెట్టాలని నాకు నేర్పింది ఈ ఊరి ఆకాశం.

కార్తీకం వచ్చేసరికి మా పక్కనున్న దుర్గ్ చుట్టుపక్కల వరి కోతలు సాగుతుంటాయి. ఎక్కడో మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లల్ని పెంచుకున్న పిల్లిగద్దలు అప్పటికి మన దేశానికి చేరతాయి. కోసిన మళ్ళ మీద, నేలకు కాస్త ఎత్తులో, ఎలుక కోసమో మిడత కోసమో తేలుతూ వెతుకుతాయి. అముర్ డేగలది ఇంకా దూరప్రయాణం. సైబీరియా, ఉత్తర చైనాల నుంచి బయలుదేరి నాగాలాండ్, మణిపూర్‌లలో ఆగి, మన ద్వీపకల్పాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి ఆఫ్రికా దక్షిణ ప్రాంతాలకు వెళతాయి.

వీటిని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచినప్పుడు గద్దలు ఆ గాలిలో సుడి తిరుగుతూ ఎత్తుకు పోతాయి. తిరుగుతున్నప్పుడు లెక్కపెడితే ఒకే పక్షి రెండుసార్లు పడుతుంది. అందుకే పైకి చేరి, రెక్కలు చాపి, ఒక్కొక్కటిగా దారి పట్టేదాకా ఆగాలి. పోల్చుకోలేనిదాన్ని పోల్చుకోలేదనే రాయాలి. కన్ను చూసినదానికి ఆశ ఒక్కటి కూడా కలపకూడదు. ఇంతకంటే కఠినమైన సత్యవ్రతం నాకు తెలియదు.

అలాంటి లెక్కలే లోకాన్ని మేల్కొలిపాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో వేటగాళ్ళు వలస గద్దల్ని గుంపులుగా కాల్చి చంపే కొండను 1934లో రోజలీ ఎడ్జ్ కాపాడి హాక్ మౌంటెన్ అభయారణ్యంగా మార్చారు. అక్కడ ఏటా శరదృతువులో రాసిన లెక్కల్లో బోడతల గద్దల పిల్లల వాటా తగ్గుతున్నట్టు తేలింది. పురుగుమందుల ముప్పును చెబుతూ 1962లో రేచల్ కార్సన్ తన పుస్తకంలో ఆ అంకెలనే సాక్ష్యంగా చూపారు.

మన రాబందుల కథ మరింత విషాదం. భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ వంటి శాస్త్రవేత్తలు లెక్కించి రాసి ఉంచారు కనుకనే 1990లలో అవి కూలిపోతున్న సంగతి బయటపడింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అందుకు కారణమని 2004లో తేలింది, 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. లెక్క చావును ఆపలేకపోయింది. కానీ లెక్కే లేకుంటే ఆ చావుకు కారణం కూడా తెలిసేది కాదు.

వేలమంది సామాన్యులు నమోదుచేసిన పరిశీలనలతో తయారైన 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక, బాగా తగ్గిపోతున్న వాటిలో వేటపక్షులు ఉన్నాయని చెప్పింది. పిల్లిగద్దలు రాత్రి గడిపే చోటుగా పేరుపడ్డ ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్ళపాడులోనూ పచ్చిక బయళ్ళు సాగులోకి పోయాయి, గద్దలు పలచబడ్డాయి. ఈ మాట చెప్పగలుగుతున్నామంటే, అవి నిండుగా ఉన్న రోజుల్లో ఎవరో ఓపికగా కూర్చుని లెక్కపెట్టారు కనుకనే.

ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగేవాడు ఎక్కేవాడికి లాగ్‌బుక్ అప్పగించినట్టు, ఒక తరం తన ఆకాశాన్ని మరో తరానికి నిజాయితీగా అప్పగించాలి. ఆ పుస్తకంలో ఖాళీ గడి ఉండకూడదు. గద్ద కనిపించని రోజు రాసిన సున్నా కూడా రేపటివాళ్ళకు సాక్ష్యమే. రాయని రోజు మాత్రం ఎవరికీ దేనికీ పనికిరాదు.

ఈ కార్తీకంలో ఒక ఉదయం మీ మేడమీదికో చెరువుగట్టుకో వెళ్ళి గంటసేపు ఆకాశం చూడండి. తేదీ, చోటు, సమయం, కనిపించిన పక్షులు రాయండి. ఏమీ కనిపించకపోతే సున్నా రాయండి. మరుసటి ఏడు మళ్ళీ అక్కడికే వెళ్ళండి.