హమ్ అంటే మేమా, మనమా?

సౌదీ నుంచో కువైట్ నుంచో పిల్లాపాపలతో తిరిగొచ్చిన కుటుంబాన్ని బోరబండలో ఎవరైనా మొదట అడిగే మాట ఒకటుంది: "బచ్చే సెట్ హో గయే క్యా?" ఇక్కణ్ణించి దుబాయికో అమెరికాకో పోయినవాళ్లను ఫోనులో అడిగేదీ అదే. పిల్లలు సెట్ అయ్యారా, బడిలో కుదురుకున్నారా అని. ఆ అడగడంలో ప్రేమే ఉంది. కాని ఆ ప్రేమ చాటున ఒక తీర్పు కూడా ఉంది. కుదురుకోవలసింది పిల్లలే, బడి ఎప్పట్నుంచో కుదురుగానే ఉంది, దానికేం పని లేదు. ఈ తీర్పు న్యాయమైనదేనా అని అడగాలనుకుంటున్నాం.

ముందు ఈ పిల్లలెవరో చెప్పాలి. బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. సైట్ వన్, సైట్ టూ, సైట్ త్రీ అని నంబర్లతో పిలుచుకునే గల్లీల్లోంచి ఆ అద్దాల మేడలకు డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా, ఈ మధ్య కొందరు ఇంజినీర్లుగా కూడా పోతున్నారు. విమానం ఎక్కేవాళ్లూ ఈ గల్లీల్లోనే ఉన్నారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నప్పట్నుంచీ హైదరాబాద్ ముస్లిం ఇళ్లకు ఈ దారి అలవాటే. చిన్న జీతానికి పోయినవాడికి భార్యాపిల్లల్ని తీసుకుపోయే వీలుండదు. కాస్త మంచి జీతగాళ్లే తీసుకుపోయారు. వాళ్ల పిల్లలు అక్కడి ఇండియన్ స్కూళ్లలో సీబీఎస్‌ఈ చదువు చదివారు. హిందీయో ఉర్దూయో, దానికి తోడు అరబిక్. వీళ్లలో ఎక్కువమంది చేతికి తెలుగు వాచకం రాలేదు.

పోవడం పెద్దల ఇష్టం. తిరిగి రావడం పెద్దల చేతిలో కూడా లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగితే, దాదాపు 1,70,000 మంది భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాల్లో వచ్చిపడ్డారు. విద్యా సంవత్సరం మధ్యలో, ఏ కాగితం చేతికి దొరికితే ఆ కాగితంతో. 2017 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము వేసింది. ఏటా వంద చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలున్న మనిషికి అది నెలకు 1,600 రియాళ్లు. లెక్క కుదరక తల్లీపిల్లలు ఇంటికొచ్చేశారు, తండ్రి అక్కడే ఉండిపోయాడు. బడి, దోస్తులు, బాప్ - మూడూ ఒక్కరోజే దూరమైన పిల్లవాణ్ణి మనం అడుగుతున్నాం, ఇంకా సెట్ కాలేదేంరా అని.

ఈ పిల్లలు కొత్తగా తెలుగు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఒకచోట తప్పకుండా తడబడతారు. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో అది రెండవుతుంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. ఇంత చక్కని తేడా ఎన్నో పెద్ద భాషల్లో లేదు. పిల్లవాడికి ఇది తెలియదు. "రేపు మన ఇంట్లో ఈద్" అంటాడు. "మన ఇల్లెట్లయిందిరా, మీ ఇల్లు" అని తరగతి నవ్వుతుంది. దెబ్బతిన్న పిల్లవాడు మరునాటి నుంచి అన్నిటికీ 'మేము' అనడం నేర్చుకుంటాడు. అందులో అపాయం లేదు, ఎవరూ నవ్వరు. అటు పాఠం చెప్పే టీచరు "మన పండుగలు సంక్రాంతి, ఉగాది, దసరా. మీ పండుగ రంజాన్" అంటుంది. ఆమె వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు.

మేము చెప్పదలచుకున్నదంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. 'మేము' అని ఎవరికి వాళ్లు అనుకోవచ్చు. 'మనం' అనేది ఒక్కడు అంటే అయ్యేది కాదు, ఎదుటివాడు కూడా ఒప్పుకోవాలి. పిల్లవాడు ఎంత తెలుగు నేర్చినా, ఎంత యాస మార్చినా, అవతలివైపు నుంచి ఆ మాట రాకపోతే 'మనం'లోకి రాలేడు. అందువల్ల కుదురుకోవడాన్ని పిల్లవాడి ఒక్కడి పని చేయడం తర్కానికే నిలవదు. న్యాయం సంగతి తర్వాత.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. గల్ఫ్‌లో అరబ్బులు భారతీయుడు ఎవరైనా 'హిందీ' అంటారు. సాయిబైనా, రెడ్డి అయినా, నాయరైనా వాళ్లకు హిందీయే. అక్కడి ఇండియన్ స్కూల్లో లక్నో పిల్లలు మా వాడి 'నక్కో', 'కైకూ' విని నవ్వుతారు, హైదరాబాదీ అంటారు. ఇదంతా భరించి, నేను హిందీని, హైదరాబాదీని అని నమ్మి హైదరాబాద్ వస్తే, ఇక్కడ క్రికెట్ మ్యాచ్ రోజున వాడు పాకిస్తానీ అవుతాడు. పరాయి దేశంలో స్వదేశీగా గుర్తింపు పొందినవాడు స్వదేశంలో పరాయి కావడం - దీన్ని కుదురుకోవడం అనే మాటతో కప్పెయ్యగలమా?

మా సంప్రదాయంలో వలస చిన్న విషయం కాదు, కాలగణనే దాంతో మొదలవుతుంది. మక్కాలో బతకలేక మొదట కొందరు సముద్రం దాటి అబిసీనియా వెళ్లారు. అక్కడి క్రైస్తవ రాజు నజాషీ వాళ్లను పిలిపించి, మీ సంగతేమిటో మీరే చెప్పండి అన్నాడు. జాఫర్ ఇబ్నె అబీ తాలిబ్ చెప్పాడు, రాజు విన్నాడు. ముందు మాలో కలిసిపొండి, తర్వాత వింటాం అనలేదు. క్రీ.శ. 622లో మదీనా చేరినప్పుడు వచ్చిన ఒక్కొక్కరినీ ఊళ్లోవాళ్లలో ఒక్కొక్కరితో అన్నదమ్ములుగా జతచేశారు. వచ్చినవాళ్లు ముహాజిర్లు, ఆదుకున్నవాళ్లు అన్సార్లు. అన్సార్ అంటే సహాయకులు. మతం మీద నమ్మకం లేని పాఠకులు దీన్ని కథగానే చదువుకున్నా మాకు అభ్యంతరం లేదు. గమనించాల్సింది ఒకటే, అక్కడ మొదటి బాధ్యత ఇంట్లో ఉన్నవాడిది.

దేవుడి పేరెత్తకుండా ఇదే మాట ఒక న్యాయస్థానం కూడా చెప్పింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు దాదాపు 1,800 మందిని ఏ ప్రత్యేక సాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతుల్లో కూర్చోబెట్టారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఇంకేం అన్యాయం అన్నారు అధికారులు. అర్థంకాని భాషలో ఒకే పుస్తకం ఇవ్వడం సమానత్వం కాదని 1974లో 'లావ్ వర్సెస్ నికొల్స్' కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ రోజు మాదాపూర్ నుంచి అమెరికా వెళ్లే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పిల్లలకు అక్కడి బళ్లో విడిగా ఇంగ్లీషు నేర్పుతున్నారంటే దాని వెనక ఆ చైనా పిల్లల పోరాటం ఉంది. అటు వెళ్లే పిల్లవాడికి హక్కయింది ఇటు వచ్చే పిల్లవాడికి దయాభిక్ష ఎందుకవుతోంది?

తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. మేము దానికి వ్యతిరేకులం కాము. ఈ నేల మీద పుట్టి ఈ నేల భాష రాకుండా బతకమని మా పిల్లలకు చెప్పడం మా నాయకులు కొందరు చేస్తున్న ద్రోహం. కాని తప్పనిసరి చేసిన ప్రభుత్వానికి నేర్పే బాధ్యత కూడా తప్పనిసరే. సీబీఎస్‌ఈ వంటి బోర్డుల బడుల్లో తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' బదులు సులువైన 'వెన్నెల' వాచకం వాడమని 2025లో ఆదేశాలిచ్చారు. మంచిదే. అయితే ఏడో తరగతిలో అ ఆలు దిద్దాల్సినవాడికి సులువైన వాచకం కూడా గోడే.

ఈ బాధ తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. నిజాం కాలంలో ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ అయి నలిగినవాళ్లు మీ తాతలే. ఆ తర్వాత పాఠం ఇట్ల కాదు అట్ల అని తెలంగాణ పిల్లల నోళ్లు మూయించిన రోజులు మీకే బాగా గుర్తు. 1948 తర్వాత మా పెద్దల్లో ఒక తరం ఊరు కదలకుండానే పరాయి బడిలో పడింది. ఎవరి బాధ ముందు, ఎవరిది వెనక అనే లెక్క మాకొద్దు. ఇరువైపులా తెలిసిన బాధ గనక చెప్పుకోవడం సులభమని మాత్రమే అంటున్నాం.

ఇక మా ఇళ్ల సంగతి. తిరిగొచ్చిన పిల్లల ముందు 'ఇంట్లో ఉర్దూ మాట్లాడొద్దు, ఇంగ్లీషే' అని కట్టడి పెట్టే తల్లిదండ్రులు పెరిగారు. ఇది వట్టి భ్రమ. వలస పిల్లల చదువు మీద ఏళ్ల తరబడి పనిచేసిన కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చెప్పేదేమంటే, ఆటల్లో మాట్లాడుకునే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి పరీక్ష రాసే భాషలో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇంటి భాష గట్టిగా ఉన్నవాడికి రెండోది అందుకోవడం తేలిక. కొత్తలో కొన్ని నెలలు పిల్లవాడు నోరు విప్పకపోతే మొద్దు అనుకోవద్దు, వింటున్నాడు. అయ్యవార్లకూ ఓపిక లేదు, అమ్మీఅబ్బాలకూ లేదు.

టీచర్లకు పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. జెద్దాలో చదివిన పిల్లవాడు అరబిక్‌లో కుర్సీ, ఖలమ్, జవాబ్, ఖాలీ నేర్చుకుని వస్తాడు. తెలుగు తరగతిలో కుర్చీ, కలం, జవాబు, ఖాళీ ఉన్నాయి. హాజరు పట్టీ తెరిచి పేరు పిలిస్తే అక్కడ 'హాదిర్' అనేవాడు, ఇక్కడ హాజరు. వాడికి ముందే వాడి మాటలు వచ్చి ఈ తరగతిలో కూర్చున్నాయని చూపించడానికి పది నిమిషాలు చాలు.

అబ్బాయిలైతే ఎట్లాగో గల్లీలో తిరిగి తెలుగు పట్టుకుంటారు. అమ్మాయిలకు ఆ గల్లీ కూడా లేదు. బడి మానేసిన పిల్లల్ని సైతం వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం అంటుంది. ఆగకుండా చదువుకుని వచ్చిన పిల్లను మాత్రం తెలుగు రాదని ఎనిమిది నుంచి ఆరుకు దించుతారు. పద్నాలుగేళ్ల పిల్ల పన్నెండేళ్ల వాళ్ల మధ్య ఒక ఏడాది తల దించుకుని కూర్చుంటుంది. తండ్రి అక్కడ, ఫీజు ఇక్కడ, చుట్టాల మాటలు అన్నివైపులా. మరుసటి జూన్‌లో ఆమె బడికి రాదు, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. బడి రిజిస్టరులో మాత్రం మానేసిన కారణం దగ్గర 'కుటుంబ పరిస్థితులు' అని రాసి ఉంటుంది.