కింద సందులు మూయి, పైన దారి ఉంచు

అమ్మాయీ,

పుష్యమాసం దగ్గర పడింది. నీలకంఠేశ్వరస్వామి జాతర నాటికి ఎమ్మిగనూరులో తెల్లారుజాము గాలి ఎట్లుంటుందో నీకు తెలుసు. ఈసారి ఇంట్లో చంటిబిడ్డ ఉంది. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఆదోనిలో మన పాత మిద్దెకు మందపాటి గోడలు. పగలు పట్టిన వేడిని రాత్రంతా నిదానంగా వదిలేవి. మీది రేకుల ఇల్లు. పొద్దు మునగగానే రేకు చల్లబడుతుంది. ఇంట్లోని వెచ్చటి గాలి రేకుకూ గోడకూ నడుమ సందులోంచి వెళ్లిపోతే, ఆ చోటుకు తలుపు కిందినుంచి చలిగాలి వస్తుంది. నేలమీద పడుకునేవాళ్లకే అది ముందు తగిలేది.

అగరుబత్తి వెలిగించి తలుపు, కిటికీ అంచుల వెంట తిప్పు. పొగ వంగినచోట గాలి దూరుతున్నట్టే. పాతచీరతో పొడుగాటి సంచి కుట్టి, ఇసుక నింపి గడప దగ్గర పెట్టు. దూది నింపితే తేలిక, నిలవదు. కిటికీ చెక్కల బీటలకు మైదా జిగురుతో కాగితం అంటిస్తే ఈ చలికాలం గడుస్తుంది. తలుపుకు లోపలివైపు మందపాటి దుప్పటి వేలాడదీయి. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు మీది, దుప్పటికి వెతుకులాట ఉండదు. అల్లుడు పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు. చల్లగాలి బరువైంది, ఆ గుంతలోకే దిగుతుంది. అడుగున గోనెసంచి పరచమను, తలుపు వైపు తడిక కట్టమను.

అయితే తల్లీ, ఇల్లంతా బిగించేయొద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. పాత మిద్దెల్లో పొయ్యి పొగ పోవడానికి పైన గవాచి ఉండేది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి వేసేటప్పుడు తలుపు తెరిచే ఉంచు, పొగ ముఖానికి కొట్టనీయకు. అయ్యాక ఆ నిప్పులు బయట పెట్టి నీళ్లు చల్లు. ఎంత చలేసినా పడకగదిలో కుంపటి వద్దు. ఉయ్యాలను తలుపుకూ కిటికీకీ సూటిగా కట్టకు, బిడ్డ ముఖం మీదికి బొంత జరగనీయకు.

చలిగాలి ఎక్కువగా తూర్పునుంచే కదా, ఆ వైపు రేకు కింద సందులు అల్లుడికి తీరికైనప్పుడు మట్టితో మెత్తించు. వంటింటి పైసందు మాత్రం అట్లే వదిలి, పక్షులు దూరకుండా జల్లెడ కొట్టించు.